వెట్టి నుంచి వృత్తికి: గుంతకల్లు ప్రాంతంలో దళిత క్రైస్తవ పట్టభద్రుల సేవా చరిత్ర

'సేవ' అనే మాటను మన చరిత్రలో ఎవరు ఎవరి గురించి వాడారో ముందు తేల్చుకోవాలి. మిషన్ చరిత్రలు తిరగేస్తే సేవ చేసినవాళ్లు దొరలు, దొరసానులు. అందుకున్నవాళ్లు మాలలు, మాదిగలు. జాతీయోద్యమ చరిత్రలు తిరగేస్తే సేవ చేసినవాళ్లు హరిజనోద్ధారకులు. అందుకున్నవాళ్లు మళ్లీ మనమే. ఇట్లా నూటయాభై ఏళ్ల చరిత్రలో దళితుడు చేయి చాపినవాడిగానే కనిపిస్తాడు. మాలపల్లె బడిలో అక్షరాలు దిద్దించిన అయ్యవారు, ఆసుపత్రి వార్డులో రాత్రంతా మేలుకున్న నర్సమ్మ, రైల్వే ఆఫీసులో చదువురానివాళ్ల అర్జీలు రాసిపెట్టిన గుమాస్తా మాత్రం ఎవరి పుస్తకంలోకీ ఎక్కలేదు.

గుంతకల్లును మధ్యలో పెట్టుకుని ఈ చరిత్రను మరోవైపు నుంచి చూడాలని మా ప్రయత్నం. క్రైస్తవ దళితుల్లో చదువుకుని, డిగ్రీలు తెచ్చుకుని, తమ ఉద్యోగాన్నే సేవగా భావించిన తరం ఒకటుంది. ఆ తరానికి దారి ఎట్లా దొరికింది? దారిలో అడ్డం పడింది ఎవరు? ఆ తరం తన పల్లెకు ఏమిచ్చింది, ఏం బాకీ పడింది? ఇవీ మా ప్రశ్నలు.

రెండు వృత్తులు

తెలుగులో 'వృత్తి' అనే మాటకు రెండు బతుకులున్నాయి. ఒకటి కులవృత్తి, పుట్టుకతోనే మెడకు కట్టేది. రెండోది డాక్టరు వృత్తి, ఉపాధ్యాయ వృత్తి లాంటిది, చదివి ఎంచుకునేది. దళితులకు తరతరాలుగా దక్కింది మొదటిదే.

సీమ పల్లెల్లో ఆ లెక్క ఎట్లుండేదో పెద్దవాళ్లకు గుర్తే. కపిల బావికి తోలు బాన కుట్టేది మాదిగ. రైతుకు చెప్పులు, ఎద్దుకు తోలు పట్టెడ చేసేదీ అతనే. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోయేదీ, జాతరలో డప్పు కొట్టేదీ అతనే. ఊరి కబుర్లు మోసేది, అధికారులు వస్తే వెట్టికి నిలబడేది మాల. బదులుగా కల్లంలో ఇచ్చే మేర. అది కూడా పంట పండితేనే. వాన సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే ఈ మెట్టలో పంట పండని ఏళ్లు ఎన్నో! మేర రాకపోయినా వెట్టి మాత్రం ఆగేది కాదు. కూలి అడిగే హక్కు లేదు, మానేసే హక్కు అంతకన్నా లేదు. దీన్నే ఊరు 'సేవ' అంది.

ఈ నేపథ్యంలోనే 'పిలుపు' అనే క్రైస్తవ భావనను చూడాలి. దేవుడు పేరుపెట్టి పిలుస్తాడు, పిలుపు అందుకున్నవాడు తన పనిని ఎంచుకుంటాడు, ఆ పనితో తోటివాడికి సేవ చేస్తాడు అని గుడిలో చెప్పారు. ఊళ్లో 'ఒరేయ్' తప్ప వేరే పిలుపు ఎరగని మనిషికి ఇది చిన్న మాట కాదు. ఎంచుకునే హక్కు ఉన్నవాడు చేస్తేనే అది సేవ, లేనివాడు చేస్తే చాకిరి. ఈ తేడా మన ముత్తాతలకు అనుభవంలో తెలుసు.

రైలు, కరువు, మిషన్

గుంతకల్లు అప్పట్లో గుత్తి తాలూకాలోని పల్లె. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా బళ్లారి జిల్లాలోదే. 1871 నాటికి మద్రాసు-రాయచూరు లైను పూర్తయి బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. తర్వాతి రెండు దశాబ్దాల్లో సదరన్ మరాఠా రైల్వే మీటర్‌గేజి లైన్లు వేసింది. హుబ్లీ వైపు, బెజవాడ వైపు, మైసూరు సరిహద్దు వైపు మూడు దారులూ గుంతకల్లులోనే కలిశాయి. పల్లె జంక్షన్ అయింది.

లైను పడిన అయిదారేళ్లకే 1876-78 కరువు వచ్చింది. సీమ జనం దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు రాష్ట్రంలో అందరికన్నా ఎక్కువ చచ్చిపోయిన జిల్లాల్లో బళ్లారి ఒకటి. గింజలు రైల్లో వచ్చాయి. కొనే డబ్బు లేనివాడి నోట్లోకి మాత్రం రాలేదు. ఆ కరువు రోజుల్లోనే అటు ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మాదిగలకు పని ఇప్పించాడు. 1878 జులైలో ఒక్కరోజే రెండు వేల మందికి పైగా బాప్తిస్మం తీసుకున్నారు.

మన సీమలో పనిచేసింది లండన్ మిషన్. 1810లో బళ్లారిలో, 1822లో కడపలో మొదలుపెట్టింది. 1850ల నుంచి కడప చుట్టుపక్కల మాలపల్లెలు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చాయి. 1880లలో గుత్తిలో, 1890లో అనంతపురంలో మిషన్ కేంద్రాలు వెలిశాయి. గుంతకల్లు చుట్టుపక్కల పల్లెలకు చదువు ఈ గుత్తి దారినే వచ్చింది.

అయితే మిషన్ చదువు ఒక్క దారి కాదు, రెండు దారులు. బళ్లారిలో లండన్ మిషన్ నడిపిన వార్డ్‌లా విద్యాసంస్థ కాలేజీ స్థాయికి ఎదిగింది. అక్కడి బెంచీల మీద కూర్చున్నది ఎక్కువగా బ్రాహ్మలు, ఇతర పై కులాలవాళ్లు. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి కథా అంతే. పై కులాలను గెలిస్తే కింది కులాలు వాటంతటవే వస్తాయని ఆ దొరల లెక్క. మాలపల్లెకు వచ్చింది ఒక కొట్టం, ఒక పలక, ఒక ఉపదేశి. మిషన్లు బడులకు, ఆసుపత్రులకు పెట్టిన ఖర్చులో ఎక్కువ లాభం పై కులాలకే చేరిందనీ, మతం మారిన అంటరానివాళ్లకు అంత మేలు జరగలేదనీ అంబేడ్కర్ విమర్శించారు. ఆయన రాతల అయిదో సంపుటం 1989లో వెలువడ్డాక ఈ విమర్శ అందరికీ అందుబాటులోకి వచ్చింది. మన సీమ అనుభవం ఆ విమర్శకు సాక్ష్యమే.

అనంతపురంలో 1916లో దత్తమండలాల కాలేజీ పెట్టారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ మొదటి రోజుల్లో అక్కడ పాఠం చెప్పారని నేటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం సరే. ఆ తరగతి గదిలో మాలమాదిగ పిల్లలు ఎందరు కూర్చున్నారని కూడా అడగాలి గదా!

డిగ్రీకి ముందు: ఉపదేశి, కాంపౌండరు, నర్సు

దళిత క్రైస్తవ పట్టభద్రుడు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అతని వెనక ఉపదేశి ఉన్నాడు. పగలు బడి, సాయంత్రం ప్రార్థన, మధ్యలో ఉత్తరాలు చదివిపెట్టడం, కచేరీకి అర్జీ రాయడం, పంచాయితీలో నిలబడటం ఇవన్నీ అతని పనులే. జీతం అరకొర. 'దేవుని పని' అనే పేరుతో ఆ జీతం ఎప్పుడూ పెరగలేదు. ఇక్కడొక చేదు నిజం చెప్పుకోవాలి. వెట్టి నుంచి బయటపడిన మనిషికి మిషన్ మరో రకం చవక చాకిరి అంటగట్టింది. దొర జీతానికీ ఉపదేశి జీతానికీ మధ్య ఉన్న దూరాన్ని 'త్యాగం' అనే మాటతో కప్పిపెట్టింది. అయినా ఊరి మధ్య నుంచి చెప్పులేసుకుని, చేతిలో పుస్తకంతో నడిచిన మొదటి దళితుడు చాలా పల్లెల్లో ఆ ఉపదేశే. పిల్లలు చూసింది ఆ నడకను.

వైద్యం రెండో దారి. 1890లలో డాక్టర్ టి.వి. క్యాంప్‌బెల్ జమ్మలమడుగులో వైద్యం మొదలుపెట్టాడు. ఆయన పేరుతో ఉన్న ఆసుపత్రి సీమంతా ఎరిగినదే. 1900లో ఐడా స్కడర్ వెల్లూరులో మొదలుపెట్టిన చిన్న వైద్యశాల క్రమంగా మెడికల్ కాలేజీ అయింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1912లో క్షయ రోగులకు శానటోరియం వెలిసింది. దళిత క్రైస్తవ ఆడపిల్లలకు ఈ సంస్థలు నర్సు చదువుకు తలుపు తెరిచాయి. 1946లో వెల్లూరులో నర్సింగ్‌కు డిగ్రీ చదువు వచ్చింది. దేశంలో అట్లాంటి మొదటి కోర్సుల్లో అదొకటి.

ఈ విషయం మీద మన పరిశోధకులు తగినంత దృష్టి పెట్టలేదని మా అభిప్రాయం. మైల, చీము, నెత్తురు, మలం తాకే పని కాబట్టి పై కులాల ఆడవాళ్లు నర్సు పనికి చాలాకాలం దూరంగా ఉన్నారు. మనవాళ్లు చేరారు. చూడబోతే అదీ పాత పనిలాగానే ఉంది: మళ్లీ మైల ఎత్తే పనే. తేడా ఎక్కడుందంటే, నర్సమ్మకు చదువుంది, యూనిఫాం ఉంది, నెల జీతముంది, రోగి కులమేదైనా 'మందు మింగు' అని గద్దించే అధికారముంది. నీళ్ల బిందె తాకనివ్వని ఇంటివాళ్లే ఆమె చేతి నీళ్లు తాగి కోలుకున్నారు. అంటరానితనం మీద జరిగిన పోరాటాల జాబితాలో ఈ వార్డులు కూడా చేరాలి.

రైల్వే ఉద్యోగం, రెండు పేర్లు

గుంతకల్లు 1956లో రైల్వే డివిజన్ కేంద్రమైంది. 1977లో దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వేకు మారింది. కరువు సీమలో వానతో నిమిత్తం లేకుండా నెలనెలా జీతమిచ్చే పెద్ద యజమాని రైల్వేనే. బ్రిటిష్ కాలంలో డ్రైవర్లు, గార్డులు, పై అధికారులు ఎక్కువగా యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లు. ఒకే మతం, ఒకే దేవుడు. అయినా గ్యాంగులో పట్టాలు మోసే దళిత క్రైస్తవుడికీ వాళ్లకూ మధ్య ఉన్న దూరం తగ్గలేదు. స్వాతంత్ర్యం తర్వాత గ్యాంగ్‌మన్ కొడుకు, గేట్‌మన్ కూతురు హైస్కూలు దాటి కాలేజీకి వెళ్లారు. డిగ్రీతో రైల్వే ఆఫీసులో కూర్చోవచ్చు అనుకున్నారు.

సరిగ్గా అక్కడ అడ్డం పడింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఇందులో చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను బయటే ఉంచారు. రైల్వే కేంద్ర ప్రభుత్వానిది. అందులో వెనకబడిన కులాల కోటా 1993 దాకా లేదు. అంటే నలభై ఏళ్లకు పైగా గుంతకల్లు లాంటి ఊళ్లో 'క్రైస్తవుణ్ని' అని రాసుకున్న దళిత పట్టభద్రుడికి రైల్వే ఉద్యోగంలో ఏ రిజర్వేషనూ లేదు. అతని పల్లె పల్లెగానే ఉంది. ఊళ్లో బావి దగ్గర అతని కులం కులంగానే ఉంది. ఒక్క దరఖాస్తు ఫారంలోనే అతని కులం మాయమైంది!

దీంతో మనవాళ్లకు రెండు పేర్లు వచ్చాయి. బాప్తిస్మపు పుస్తకంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఒక పేరు. ఆదివారం ఒక మనిషి, సోమవారం ఇంకో మనిషి. దీన్ని మోసమని ఎగతాళి చేసే పై కులాల పెద్దలకు మేం చెప్పేది ఒకటే. మనిషి కులాన్ని మతం పోగొట్టలేదని మీకు బాగా తెలుసు. ఎందుకంటే మీరే పోనివ్వలేదు. తెలిసి కూడా కాగితం మీద పోయిందని రాయమంటున్నారు.

రాష్ట్రంలో పరిస్థితి కొంత వేరు. అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మీద 1970లో ప్రభుత్వం వెనకబడిన తరగతులను నాలుగు గుంపులు చేసింది. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లను, వాళ్ల సంతతిని 'సి' గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చింది. 1977 నాటి 341 నంబరు జీవోతో కొన్ని ఆర్థిక రాయితీలు కూడా వచ్చాయి. ఆ ఒక్క శాతం తలుపు సందులోంచే బీసీ-సి టీచర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు కొందరు బయటికొచ్చారు.

మిగిలినవాళ్ల కథ కోర్టుల్లో చూడొచ్చు. గుంటూరు మెడికల్ కాలేజీ కేసు విద్యార్థులందరూ చదవాలి. మాదిగ క్రైస్తవ దంపతుల కొడుకొకడు 1973లో హిందూ మతంలోకి మారి, ఎస్సీ సీటుకు దరఖాస్తు పెట్టాడు. ముందు సీటిచ్చి, పుట్టుకతో హిందువు కాదని రద్దు చేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. కులంవాళ్లు తిరిగి తమలో చేర్చుకుంటే అతను మాదిగే అవుతాడని 1976లో తీర్పు వచ్చింది. డాక్టరై జనానికి సేవ చేయాలనుకున్న కుర్రవాడు ముందు తన దేవుణ్ని మార్చుకోవాలి, తర్వాత కులపెద్దల సర్టిఫికెట్ తేవాలి, ఆపైన సుప్రీంకోర్టు గెలవాలి. పై కులపు విద్యార్థి సేవాభావానికి ఏ కోర్టైనా ఇట్లాంటి పరీక్ష పెట్టిందా? 1985లో సూసై అనే మద్రాసు చర్మకారుడి కేసులో, మతం మారాక కూడా అంతే వివక్ష ఉందని రుజువు చూపాలని అదే కోర్టు భారం మన మీదే వేసింది.

మనలో నిలబడినవాళ్లు

ఇన్ని అడ్డంకుల మధ్య వృత్తినే సేవ చేసుకున్నవాళ్లున్నారు. అనంతపురం జిల్లాకు సంబంధించి మా కళ్ల ముందు మొదట నిలిచేది ఆచార్య కొలకలూరి ఇనాక్. పేరులోనే బైబిలు ఉన్న ఈ రచయిత 1939లో గుంటూరు జిల్లా వేజెండ్లలో పుట్టారు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశారు. తర్వాత శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 'ఊరబావి' కథలో దళితులకు నీటి మీద హక్కును ప్రశ్నగా నిలబెట్టారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి ఈ కరువు నేలను తనదిగా చేసుకుని, నీళ్లు లేని అనంతపురం బతుకు మీద 'అనంత జీవనం' నవల రాశారు. దానికి 2015 సంవత్సరపు మూర్తిదేవి పురస్కారం వచ్చింది. ఒకనాడు చదువుకు దూరంగా ఉంచిన కులం నుంచి వచ్చినాయన సీమ పిల్లలకు తెలుగు పాఠం చెప్పడం, వాళ్ల కరువును సాహిత్యంలోకి ఎక్కించడం, ఇది సేవ కాకపోతే మరేది సేవ?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన కె. విల్సన్ 1982లో దళిత క్రైస్తవుల సంస్కృతి మీద పుస్తకం రాసి, వాళ్లు రెండుసార్లు వెలివేతకు గురయ్యారని తేల్చారు. హిందూ సమాజం ఒకసారి, చర్చిలోని కులం ఒకసారి. తన వృత్తి నేర్పిన పనిముట్లతో తన జనం గాయాన్ని పరిశీలించిన మేధావి ఆయన. అనంతపురం జిల్లా కర్నూలు కతోలిక మేత్రాసనం కిందికి వస్తుంది. ఆ మేత్రాసనానికి 2008 నుంచి 2020 దాకా బిషప్‌గా ఉన్న పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి చేరిన మొదటి దళితుడు ఆయనే. పేదరికం వల్ల ఏడో తరగతి దగ్గర చదువు ఆగిపోతే మిషనరీలు మళ్లీ బడిలో వేశారు. ఒక్కడు పైకి వచ్చాడంటే అదే చోట ఆగిపోయినవాళ్లు ఎందరో మనం లెక్క వేసుకోవాలి.

బాకీ

ఇక మనల్ని మనం ప్రశ్నించుకునే చోటికి వచ్చాం. 1956 మార్చిలో ఆగ్రా సభలో అంబేడ్కర్ చదువుకున్నవాళ్లు తనకు ద్రోహం చేశారని బాధపడ్డారు. ఆ మాట క్రైస్తవ పట్టభద్రులకు వర్తించదా?

1912లో మొదలైన విద్యార్థి క్రైస్తవ ఉద్యమం, 1954లో ఏర్పడిన సువార్త విద్యార్థుల సమాఖ్య లాంటి సంస్థలు కాలేజీ పిల్లలకు మంచి మాటే నేర్పాయి: లంచం ముట్టొద్దు, పని ఎగ్గొట్టొద్దు, నీ ఉద్యోగమే నీ సాక్ష్యం. నిజాయితీగల గుమాస్తా, సెలవు పెట్టని టీచరు పేదవాడికి ఎంత మేలో కరువు ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాల్సిన పనిలేదు. కానీ చాలామందిలో ఈ సాక్ష్యం వ్యక్తిగత నీతి దగ్గరే ఆగిపోయింది. రైల్వే క్వార్టర్సులోకి మారాక పల్లె దూరమైంది. చర్చి ఎన్నికల్లో మాల, మాదిగ లెక్కలు దగ్గరయ్యాయి. కులం గురించి మాట్లాడటం 'లోక సంబంధం' అయింది.

చుండూరు ఈ భ్రమను పగలగొట్టింది. అది చదువు, ప్రభుత్వ ఉద్యోగాలు, ముఖ్యంగా రైల్వే ఉద్యోగాలు అందుకున్న మాలపల్లె. క్రైస్తవ కుటుంబాలున్న పల్లె. 1991 జులైలో సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు పై కులంవాడికి తగలడం దగ్గర మొదలైన గొడవ ఆగస్టు 6న ఎనిమిది మంది హత్యతో ముగిసింది. డిగ్రీ కాపాడలేదు, ప్రార్థన కాపాడలేదు, రైల్వే జీతం కాపాడలేదు. పైకొచ్చినందుకే చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. ఇప్పుడు చట్టం ఇంకో అడుగు వెనక్కి వేసింది. క్రైస్తవం తీసుకున్నవాళ్లకు అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మూడో పేరా తీసేయమంది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. కాగితాలు పెరిగాయి. ఆ పేరా మాత్రం ఇన్నేళ్లూ చెక్కుచెదరలేదు.

కాబట్టి చదువుకున్న క్రైస్తవ దళితుడి ముందు సేవ అంటే ఏమిటో కొత్తగా చెప్పుకోవాలి. లాయరుకు మూడో పేరా మీద పోరాటమే పిలుపు. టీచరుకు హాస్టలు పిల్లవాడు ఏడో తరగతి దగ్గర ఆగిపోకుండా చూడటమే పిలుపు. నర్సుకు, డాక్టరుకు జీతం, మర్యాద అడిగే సంఘం కట్టడం కూడా పిలుపే. త్యాగం పేరుతో చవక చాకిరిని ఒప్పుకోవడం మన అమ్మల కాలంతోనే అయిపోవాలి. మాల, మాదిగ పట్టభద్రులు ఒకే బల్ల దగ్గర కూర్చోలేని చర్చిలో సేవ గురించి ప్రసంగాలు వినడం దండగ.

విద్యార్థులకు, టీచర్లకు ఒక పని అప్పగించి ముగిస్తాం. గుత్తి, గుంతకల్లు, అనంతపురం చర్చిల్లో పాత బాప్తిస్మపు పుస్తకాలుంటాయి. మిషన్ బడుల హాజరు పట్టీలు, రిటైరైన రైల్వేవాళ్ల సర్వీసు కాగితాలు, నర్సమ్మల సర్టిఫికెట్లు పెట్టెల్లో ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని వెతకండి. రెండు పేర్లున్న మనిషి కనబడితే రెండు పేర్లూ రాసుకోండి. ఏ ఆఫీసులో ఏ పేరు చెప్పాల్సి వచ్చిందో, ఎందుకు చెప్పాల్సి వచ్చిందో వాళ్లనే అడిగి రాసుకోండి. దొరల చరిత్రలో మనం లబ్ధిదారులం. మన రికార్డులు మనమే పోగుచేసుకునేదాకా అంతే.